గంజాయి కేసులో మొదట అడగాల్సింది "ఎన్ని గ్రాములు రాశారు?" అని

రాత్రి పదకొండున్నరకి చిన్నమ్మ ఫోన్. "పిల్లగాన్ని పోలీసోళ్లు తీస్కపోయిన్రు బిడ్డా, గంజాయి అంటున్నరు, నువ్వు జెర పోయి చూడు" అని. మా తమ్ముడు యూసుఫ్‌గూడలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రెంట్‌కి ఉంటాడు, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నేను బండి తీసి స్టేషన్‌కి వెళ్లేలోపు చుట్టాల్లో నలుగురు ఫోన్ చేశారు, నలుగురూ అడిగింది ఒకటే, "తాగుతడా వాడు?" అని. ఆ రాత్రంతా అందరం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం, తాగుతాడా, ఎప్పటి నుంచి, ఎవడు నేర్పాడు, చిన్నప్పుడే నాలుగు తగిలించి ఉంటే ఇంత దాకా వచ్చేదా అని. పన్నెండు రోజుల తర్వాత నాంపల్లి కోర్టు వరండాలో ఒక లాయర్ మేడం మా కాగితాలు చేతిలోకి తీసుకుని అసలు ఆ మాటే ఎత్తలేదు. "ఎన్ని గ్రాములు రాశారు? తూకం కవర్‌తోనా, కవర్ తీసేసా? ఏ రూమ్‌లో దొరికింది?" ఈ మూడే అడిగింది. మూడింటికీ మా దగ్గర జవాబు లేదు.

ఆ పన్నెండు రోజులు ఎలా పోయాయో కింద చెప్తా. నేను లాయర్ని కాదు, ఒక కేసు వెంట తిరిగి, తెలియనివి అడిగి, చదివి తెలుసుకున్నవాడిని అంతే. ఎవరింట్లో అయినా ఇలాంటి ఫోన్ వస్తే మాలాగా గాల్లో గిరగిరా తిరగకూడదని రాస్తున్నా.

డ్రగ్స్ కేసులన్నిటికీ మూలం 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ యాక్ట్. ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్నా, లోకల్ పోలీసులు పట్టుకున్నా, కేంద్రం డ్రగ్స్ విభాగం ఎన్‌సీబీ పట్టుకున్నా, మన దగ్గర యాంటీ నార్కోటిక్స్ బ్యూరోగా మొదలై 2025లో ఈగల్ అని పేరు మార్చుకున్న టీమ్ పట్టుకున్నా చట్టం అదే. దీంట్లో శిక్షని బరువుకి ముడిపెట్టింది 2001లో వచ్చిన సవరణ. సరుకు మూడు రకాలు: తక్కువ మోతాదు, కమర్షియల్ మోతాదు, రెండిటి మధ్యది. గంజాయికి కేజీ లోపు తక్కువ, 20 కేజీలు దాటితే కమర్షియల్. చరస్‌కి (గంజాయి మొక్క జిగురు) తక్కువకి హద్దు 100 గ్రాములు, కమర్షియల్‌కి ఒక కేజీ, మిగతావీ ఇదే వరసలో. హాష్ ఆయిల్ కూడా చట్టం లెక్కలో చరస్ కిందకే వస్తుంది, చిన్న చిన్న సీసాల్లో అమ్ముతుంటారే అది. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కి 2 గ్రాములు, 100 గ్రాములు. ఎండీఎంఏకి అర గ్రాము, 10 గ్రాములు. ఎల్‌ఎస్‌డీకి అయితే 2 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం ఉంది కదా, నిద్రమాత్రల మందు, అదీ ఈ లిస్టులోనే ఉంది, 5 గ్రాములు, 100 గ్రాములు.

ఈ అంకెల్ని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ధూల్‌పేట నుంచి అరకేజీ గంజాయి తెచ్చుకున్నవాడు తక్కువ మోతాదులో ఉంటాడు, జేబులో గ్రాము ఎండీఎంఏ ఉన్నవాడు మధ్య రకంలోకి వెళ్లిపోతాడు. తక్కువ మోతాదు గంజాయికి ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. మధ్య రకానికి పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కమర్షియల్ అయితే కనీసం పదేళ్లు, ఇరవై దాకా, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు, ఆ పదేళ్ల కంటే తగ్గించే అధికారం జడ్జి చేతిలో కూడా లేదు. ఏడాదికీ పదేళ్లకీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక తూకం మెషిన్.

మా వాడి పంచనామాలో (సోదా దగ్గర సాక్షుల ముందు రాసే కాగితం) రాసింది ఒక కేజీ 80 గ్రాములు. ఆ 80 గ్రాముల వల్లే మా తమ్ముడు ఏడాది కేసులో నుంచి పదేళ్ల కేసులోకి పడ్డాడు. మేడం తూకం గురించి ఎందుకు అడిగిందో అప్పుడర్థమైంది. బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్‌ని టేపుతో, పాలిథీన్ కవర్‌తో, లోపలి పేపర్‌తో సహా తూచి ఉంటే? అది మొత్తం బరువే గానీ సరుకు బరువు కాదు. ఇంకోటి, చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు గంజాయి కిందకి రావు. కాబట్టి సంచిలో కాడలెన్ని, ఆకులెన్ని, వేరు చేసి తూచారా లేదా అన్నది కూడా కోర్టులో అడగొచ్చు, దీని మీద బెయిల్ ఇచ్చిన ఆర్డర్లు ఉన్నాయి. కానీ ఇదే ధీమాతో పౌడర్ కేసుల్లో "అందులో సగం కల్తీ కలిపారు సార్, అసలు మందు కొంచెమే" అంటే నడవదు. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువే లెక్క అని. ఎల్‌ఎస్‌డీ బ్లాట్లకి (మందు పీల్చుకున్న కాగితం ముక్కలు) కాగితం బరువు కూడా కలపాలా అన్నది మళ్లీ వేరే పెద్ద పంచాయితీ.

ఇంకో చిన్న ముచ్చట, లాయర్లకి ఇష్టమైనది. చట్టంలో తక్కువ మోతాదు అంటే చెప్పిన అంకె "కంటే తక్కువ", కమర్షియల్ అంటే ఆ అంకె "కంటే ఎక్కువ". అంటే సరిగ్గా కేజీ గంజాయి తక్కువ మోతాదు కాదు, సరిగ్గా 20 కేజీలు కమర్షియల్ కాదు.

ఇక మేడం మూడో ప్రశ్న, ఏ రూమ్‌లో దొరికింది అని. పొసెషన్ అంటే మనం అనుకునేది జేబులో ఉండటం. కోర్టు చూసేది రెండు, వస్తువు నీ అదుపులో ఉందా, అది ఏంటో నీకు తెలుసా. రెండూ ఉంటేనే తెలిసి దగ్గర పెట్టుకోవడం అవుతుంది. ముగ్గురు ఉండే ఫ్లాట్‌లో ఒకడి బీరువాలో దొరికితే మిగతా ఇద్దరి కేసు వేరు, హాల్‌లో సోఫా కింద దొరికితే వేరు, ముగ్గురూ కలిసి తాగుతున్న వీడియో ఒకడి ఫోన్‌లో ఉంటే ఇంకా వేరు. కాకపోతే ఈ చట్టంలో ఒక మెలిక ఉంది, 35, 54 సెక్షన్లు. సరుకు నీ దగ్గర దొరికిందని వాళ్లు ముందు నిరూపిస్తే చాలు, అక్కడి నుంచి "నాకు తెలియదు" అన్నది నువ్వే నిరూపించుకోవాలి. మామూలు కేసుల్లో భారమంతా పోలీసుల నెత్తిన ఉంటుంది, ఇక్కడ సగం దారిలో నీ నెత్తికి మారుతుంది. వీటికి తోడు 29 సెక్షన్ కుట్ర, దాన్ని పెట్టారంటే సరుకు ముట్టుకోనివాడికి కూడా ముట్టుకున్నవాడి శిక్షే. 27ఏ అని ఇంకోటుంది, దందాకి డబ్బు పెట్టడం, దానికి పదేళ్ల నుంచి ఇరవై. ఫ్రెండ్‌కి యూపీఐలో పంపిన పదిహేను వందలు రిమాండ్ రిపోర్ట్‌లో (కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకి ఇచ్చే కాగితం) ఏ సెక్షన్ కింద వచ్చాయో చూసుకోవాలి, తన కోసం కొనుక్కోవడం వేరు, దందాకి పెట్టుబడి పెట్టడం వేరు అని లాయర్ వాదించాల్సింది అక్కడే.

పబ్‌లోనో రోడ్డు మీదో యూరిన్ టెస్ట్ చేసి పాజిటివ్ వస్తే పెట్టే కేసు వేరే, అది వాడకం, సెక్షన్ 27. గంజాయికి ఆరు నెలల దాకా, కొకైన్, హెరాయిన్ లాంటివాటికి ఏడాది దాకా, లేదా జరిమానా, లేదా రెండూ. ఇలాంటివాళ్లని డీ అడిక్షన్ సెంటర్‌కి పంపడం ఈ మధ్య హైదరాబాద్‌లో బాగా జరుగుతోంది. చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, అలవాటు పడినవాడు వాడకం కేసులో గానీ తక్కువ మోతాదు కేసులో గానీ దొరికి తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట ట్రీట్‌మెంట్‌కి వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. ఇంత మంచి దారి ఉందని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, పరువు పోతుందని ట్రీట్‌మెంట్ మాట ఎత్తరు, కేసు మాత్రం మాఫీ కావాలంటారు.

సోదా సంగతికొద్దాం, ఎందుకంటే ఎన్‌డీపీఎస్ కేసులు ఎక్కువగా కొట్టుకుపోయేది ఇక్కడే. ఇల్లు వెతకాలంటే సెక్షన్ 42. సమాచారం రాగానే కాగితం మీద రాయాలి, 72 గంటల్లోపు పై ఆఫీసర్‌కి పంపాలి, పొద్దు గూకిన తర్వాత వారంట్ లేకుండా వెళ్తే ఎందుకు ఆగలేకపోయారో కారణం రాసుకోవాలి. రోడ్డు మీద, బస్టాండ్‌లో, అంటే అందరూ తిరిగే చోట దొరికితే సెక్షన్ 43, అక్కడ ఇంత తతంగం లేదు. అందుకే పంచనామాలో దొరికిన చోటు ఎక్కడ రాశారన్నది చాలా ముఖ్యం, ఇంట్లో పట్టుకుని వీధి మొదట్లో దొరికాడని రాస్తే సెక్షనే మారిపోతుంది.

ఒంటి మీద సోదాకి సెక్షన్ 50. గెజిటెడ్ ఆఫీసర్ ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ సోదా చేయించుకునే హక్కు నీకుంది అని ముందే చెప్పాలి, "కావాలా" అని ఊరికే అడగడం కాదు, అది నీ హక్కు అని చెప్పాలి. 2010లో జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇది కచ్చితంగా పాటించాల్సిందే అంది. 2014లో పరమానంద్ కేసులో ఇంకో మాట అంది, ఇద్దరు నిందితులుంటే ఇద్దరికీ కలిపి ఒకే లెటర్ ఇచ్చి ఒకడి సంతకం తీసుకుంటే చెల్లదు, ఎవరికి వాళ్లకి విడిగా చెప్పాలి, పట్టుకున్న టీమ్‌లో ఉన్న ఆఫీసర్ ముందే చేయించుకుంటావా అని మూడో ఆప్షన్ ఇవ్వకూడదు అని. ఇది వినగానే అందరూ ఎగిరి గంతేస్తారు, మా వాడికి చెప్పలేదు, కేసు ఎగిరిపోయింది అని. ఆగండి. సెక్షన్ 50 ఒంటికే, బ్యాగుకీ బండికీ కాదు, 2023లో సుప్రీంకోర్టు ఇంకోసారి అదే చెప్పింది. భుజానికి తగిలించుకున్న బ్యాగ్‌లో దొరికితే ఈ సెక్షన్ అక్కరకి రాదు. మా వాడిది రూమ్ సోదా, మాకూ రాలేదు.

శాంపిల్ తీయడం ఇంకో కథ. పట్టుకున్న సరుకుని మేజిస్ట్రేట్ ముందు పెట్టి, ఆయన ఎదురుగా శాంపిల్ తీసి, సీల్ వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి (ఎఫ్ఎస్ఎల్) పంపాలని సెక్షన్ 52ఏ చెప్తుంది. మన స్టేట్ ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో ఉంది, నాంపల్లి కోర్టుకి కూతవేటు దూరం, అయినా రిపోర్ట్ రావడానికి పట్టే టైమ్ పడుతుంది. సీల్ ఎవరిది, మాల్‌ఖానాలో (పట్టుకున్న సరుకు దాచే గది) ఎన్ని రోజులుంది, పంపిన బరువు, అందిన బరువు ఒకటేనా, ఇవన్నీ ట్రయల్‌లో పనికొస్తాయి. 52ఏ పాటించకపోతే దానంతటదే కేసు పోదు అని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఇది బ్రహ్మాస్త్రం మాత్రం కాదు, అంబులపొదిలో ఒక బాణం.

మన తెలంగాణలో దాదాపు ప్రతి కేసులో ఒక కాగితం ఉంటుంది, "కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా" అని. నేను ఫలానా వాడి దగ్గర కొన్నాను, ఫలానా వాళ్లకి అమ్ముతున్నాను, తప్పయింది అని నాలుగు పేజీలు నీట్‌గా రాసుంటుంది, కింద నిందితుడి సంతకం, ఇద్దరు పంచుల (సోదా సాక్షుల) సంతకాలు. ఇంట్లోవాళ్లు అది చూసి "అంతా ఒప్పేసుకున్నాడు ఇంకేముంది" అని కుప్పకూలిపోతారు, చిన్నమ్మ అలాగే కూలిపోయింది. కంగారుపడకండి, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. ఎక్సైజ్, ఎన్‌సీబీ వాళ్లు 67 సెక్షన్ కింద తీసుకునే స్టేట్‌మెంట్లకి ఒకప్పుడు విలువ ఉండేది, 2020 అక్టోబర్‌లో తూఫాన్ సింగ్ తీర్పుతో అదీ పోయింది. ఆ నాలుగు పేజీల్లో నిలబడేది ఒప్పుకోలు వల్ల కొత్తగా బయటపడిన వస్తువు వరకే. అలాగే ఎ1 (కేసులో మొదటి నిందితుడు) మీవాడి పేరు చెప్పాడన్నంత మాత్రాన మీవాడు దోషి అయిపోడు, దానికి తోడు కాల్ డేటా, చాట్లు, డబ్బు పంపిన లెక్క, ఏదో ఒకటి వాళ్లు చూపించాలి.

తీసుకెళ్లిన మొదటి రోజు ఏం చేయాలన్నది మాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా. అరెస్ట్ చేశాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఎందుకు అరెస్ట్ చేస్తున్నారో కారణాలు చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి, విచారణ మధ్యలో లాయర్ని కలవనివ్వాలి (పక్కనే కూర్చోబెట్టాల్సిన పని లేదు, కలవనిస్తే చాలు). 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ ప్రకారం సోదాని, సీజ్‌ని వీడియో తీయాలి. ఇవన్నీ స్టేషన్‌లో నిలబడి రూల్స్ అప్పజెప్పడానికి కాదు, అక్కడ గొడవపడితే ఒరిగేదేం లేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని టైమ్‌లు రాసుకోండి. ఎన్నింటికి తీసుకెళ్లారు, ఎవరు చూశారు, స్టేషన్‌కి మీరు ఎన్నింటికి వెళ్లారు, ఎవరు మాట్లాడారు. పంచనామాలో అరెస్ట్ టైమ్ తెల్లారి ఆరు అని ఉండి అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలో ముందు రోజు రాత్రి పదికే తీసుకెళ్తున్నట్టు ఉంటే ఆ ఫుటేజీ కంటే గట్టి సాక్షి లేడు. కానీ ఆ కెమెరా పాతవి చెరిపేసి కొత్తవి రాసుకుంటూ పోతుంది, కొన్ని రోజులే ఉంటుంది. మేం వాచ్‌మెన్‌ని అడిగేసరికి పదహారు రోజులైంది, పోయింది. ఇప్పటికీ నాకు అన్నిటికంటే బాధ అదే.

చేయకూడనిది ఒకటే చెప్తా, ఫోన్‌లో చాట్లు డిలీట్ చేయడం, ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి డిలీట్ చేయమనడం. సాక్ష్యాలు మాయం చేయడం విడిగా నేరం, పైగా డిలీట్ చేసినవి ల్యాబ్‌లో వెనక్కి వస్తుంటాయి, అప్పుడు తాగినవాడికి దాచినవాడు తోడవుతాడు. మధ్యలో ఇదొకటి, "మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లో ఉండండి, డిజిటల్ అరెస్ట్" అని ఫోన్ వస్తే పెట్టేయండి, అలాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు, అది శుద్ధ మోసం.

బెయిల్. కమర్షియల్ మోతాదు అయినా, 27ఏ పెట్టినా సెక్షన్ 37 అడ్డం వస్తుంది. పీపీ (ప్రభుత్వ లాయర్) వద్దంటే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చాక మళ్లీ నేరం చేయడని జడ్జికి నమ్మకం కుదిరితేనే ఇవ్వాలి. ట్రయలే మొదలవకుండా నేరం చేయలేదని నమ్మించడం ఎంత కష్టమో చూడండి, అందుకే ఈ కేసుల్లో ఏళ్లకేళ్లు చంచల్‌గూడలో, చర్లపల్లిలో ఉండిపోయేవాళ్లు ఉంటారు. ట్రయల్ మరీ ఆలస్యమైతే 37 ఉన్నా బెయిల్ ఇవ్వొచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు అంది, అదే చాలామందికి ఆశ. తక్కువ, మధ్య మోతాదులకి 37 అడ్డం లేదు, మామూలు బెయిల్ లెక్కే. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటిలో అయితే అసలు అరెస్టే తప్పనిసరి కాదు, నోటీస్ ఇచ్చి పంపొచ్చు. చార్జిషీట్ టైమ్‌కి వేయకపోతే వచ్చే బెయిల్ ఇంకోటుంది. కమర్షియల్ కేసుల్లో ఆ గడువు 180 రోజులు, పీపీ రిపోర్ట్ మీద ఏడాది దాకా పెంచొచ్చు. మధ్య రకంలో 60 రోజులా 90 రోజులా అన్నదాని మీదే వాదన నడుస్తుంది, లాయర్ క్యాలెండర్‌లో ఆ తేదీ గుర్తుపెట్టుకున్నాడా లేదా అడగండి, ఎందుకంటే చార్జిషీట్ పడేలోపు అడిగితేనే ఆ హక్కు, పడ్డాక అడిగితే పోయింది. పదే పదే దొరికేవాళ్ల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెడతారు, దాంతో ట్రయల్ లేకుండానే ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. తెలంగాణలో దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే తలంటింది.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. చిన్న కేసుల్లో ఎవరో ఒకరు చెవిలో చెప్తారు, "ఒప్పేసుకుని ఫైన్ కట్టేయండి, ఒక్క రోజులో అయిపోతుంది" అని. అయిపోదు. ఒప్పుకుంటే అది శిక్ష పడినట్టే, జైలుకి పోకపోయినా. హైదరాబాద్‌లో ఇంటికొకరు అమెరికా అంటున్న రోజుల్లో ఇది తెలియాలి, డ్రగ్స్ నేరంలో శిక్ష పడటమే కాదు, నేరం చేశానని ఒప్పుకోవడం కూడా వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలో వీసాకి అడ్డమే. ఐదు వేల ఫైన్‌తో పోతుందనుకున్నది ఎంఎస్ సీటుని కూడా తీసుకుపోతుంది. కేసు పెండింగ్‌లో ఉన్నా పాస్‌పోర్ట్‌కి ఇబ్బందే, కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి, కానీ అది దాటగలిగే ఇబ్బంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది తర్వాత పదేళ్లు ఏం చేయాలనుకుంటున్నాడో లాయర్‌కి చెప్పాక తీసుకోవాల్సిన నిర్ణయం.

సరే, ఆ పన్నెండు రోజుల సంగతి. మాకు తెలిసినాయన ఒకాయన ఉన్నాడు, లాయర్ కాదు, "లోపల మనోళ్లున్నరు, నేను చూస్కుంటా, మీరు కోర్టు దాకా రానే అక్కర్లే" అన్నాడు. చిన్నాయన గాజులు తాకట్టుపెట్టి డబ్బిచ్చాడు. ఆయన ఏదో లాయర్‌తో వకాలత్ (మన తరపున వాదించడానికి ఇచ్చే అధికార పత్రం) వేయించాడు, ఆ లాయర్ని మేం ఎప్పుడూ చూడలేదు, బెయిల్ పిటిషన్ వేశామన్నాడు, వేయలేదు. రోజూ సాయంత్రం "రేపు" అని ఫోన్. నేను వేయలేదని ఎలా కనుక్కున్నానంటే ఈకోర్ట్స్ యాప్‌లో ఎఫ్ఐఆర్ నంబర్ కొట్టి చూశా, ఏమీ లేదు. ఆ యాప్ మొదటి రోజే ఫోన్‌లో వేసుకోండి. అందులో లాయర్ పేరుతో కూడా వెతకొచ్చు, ఆయనకి ఏ కోర్టులో ఎన్ని కేసులున్నాయి, ఎన్‌డీపీఎస్‌వి ఉన్నాయా, ఆర్డర్లు ఏమొచ్చాయి, అన్నీ కనిపిస్తాయి.

లాయర్ని గూగుల్‌లో వెతికితే "నంబర్ వన్ బెయిల్ లాయర్, 24 గంటల్లో గ్యారంటీ" అని వస్తాయి. మన దేశంలో లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 36. పేరు, అడ్రస్, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, చదువు, ఏ కేసులు చూస్తారు అన్న వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు అంతే. కాబట్టి గ్యారంటీ అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఉన్నది రూల్ తప్పిన లాయర్ అయినా అయ్యుండాలి, మధ్యలో కమీషన్ తినేవాడైనా అయ్యుండాలి. "బెయిల్ వస్తేనే ఫీజు" అన్నది వినడానికి బాగుంటుంది, అదీ నిషేధమే, ఫలితాన్ని బట్టి ఫీజు పెట్టకూడదు.

మరి ఎలా వెతకాలి? నేనైతే పొద్దున పదిన్నరకి కోర్టుకి వెళ్లి కూర్చోమంటా. మీ స్టేషన్ ఏ కోర్టు కిందకొస్తుందో ముందు తెలుసుకోండి, సిటీలో అయితే నాంపల్లి, కొన్ని స్టేషన్లవి ఎల్‌బీనగర్‌లో రంగారెడ్డి కోర్టులకి, కొన్ని కూకట్‌పల్లికి పోతాయి. ఎన్‌డీపీఎస్ స్పెషల్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద రెండు రోజులు కూర్చుంటే తెలిసిపోతుంది, ఎవరు కాగితాలు చదువుకుని వస్తున్నారు, ఎవరు "పాస్ ఓవర్ యువర్ ఆనర్" అని వాయిదా అడిగి వెళ్లిపోతున్నారు, సాక్షిని ప్రశ్నించేటప్పుడు ఎవరు తూకం, సీల్, టైమ్ అడుగుతున్నారు. నేను మేడంని చూసింది అలాగే, ఒక ఎక్సైజ్ ఎస్సైని నలభై నిమిషాలు సీల్ మీద ఉన్న అక్షరాల గురించే అడిగింది. అరవలేదు, బల్ల గుద్దలేదు.

మొదటిసారి కలిసినప్పుడు రిమాండ్ రిపోర్ట్, ఎఫ్ఐఆర్, పంచనామా కాపీలు తీసుకెళ్లండి. ఆ లాయర్ వాటిని చదవకుండానే ఫీజు చెప్తే లేచి వచ్చేయండి. చదివాక మీకు నచ్చని నిజాలు కూడా చెప్పాలి, "ఇది 37 కేసు, కింది కోర్టులో కష్టం, హైకోర్టుకి పోవాల్సి రావొచ్చు" లాంటివి. ఫీజు బెయిల్‌కి ఎంత, ట్రయల్‌కి ఎంత, హైకోర్టుకి వెళ్తే ఎంత, విడివిడిగా మాట్లాడుకోండి, రసీదు అడగండి, మొహమాటం అక్కర్లేదు. వాయిదాలకి ఎవరొస్తారు, ఆయనా, జూనియరా అని అడగండి, జూనియర్ రావడం తప్పు కాదు, తెలియకపోవడం తప్పు. "సీనియర్" అన్న మాట దగ్గర చాలామంది మోసపోతారు, వయసులో సీనియర్ వేరు, కోర్టు హోదా ఇచ్చిన సీనియర్ అడ్వకేట్ వేరు, ఆ హోదా ఉన్నవాళ్లు నేరుగా వకాలత్ వేయరు, వేరే లాయర్ ద్వారానే వస్తారు, రెండు ఫీజులు. ఎ1, ఎ2, ఎ3కి ఒకే లాయర్ చవగ్గా వస్తాడని పెట్టుకోకండి, "సరుకు నాది కాదు, వాడిది" అనాల్సి వచ్చిన రోజు ఆయన ఎవరి తరపున మాట్లాడాలి? మేం చేసిన రెండో తప్పు ఇదే, ముగ్గురికీ కలిపి ఆ మొదటాయన ఒక్కడే.

లాయర్ని మార్చుకోవచ్చు. పాతాయన వకాలత్ మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదని) రాసిస్తే తేలిక, ఇవ్వకపోతే కోర్టు పర్మిషన్ అడగొచ్చు. లోపల ఉన్నవాడి వకాలత్ మీద జైలు సూపరింటెండెంట్ అటెస్టేషన్‌తో సంతకం తెప్పించుకోవాలి, దీనికి ఒకట్రెండు రోజులు తిరగాలి. డబ్బు లేకపోతే లీగల్ ఎయిడ్ ఉంది, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఫ్రీ, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి బయట ఉన్నా ఫ్రీ. 15100కి ఫోన్ చేయొచ్చు, పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవా సదన్‌కి నేరుగా వెళ్లొచ్చు. ఫ్రీ లాయర్ అంటే పనిచేయరని అందరూ అంటారు, మా వాడి బ్యారక్‌లో ఒకతనికి ఆ లాయరే మాకంటే ముందు బెయిల్ తెచ్చాడు. బెయిల్ వచ్చాక ష్యూరిటీలు (జామీను ఇచ్చేవాళ్లు) సొంతవాళ్లనే పెట్టండి, కోర్టు బయట అద్దె ష్యూరిటీలు దొరుకుతారు, ఆ కాగితాలు దొంగవని తేలితే బెయిల్ పోయి కొత్త కేసు వస్తుంది.

మా తమ్ముడు ఇరవై ఆరో రోజు బయటికొచ్చాడు. బీరువా ఎ1ది, అగ్రిమెంట్‌లో ఎవరి రూమ్ ఎవరిదో ఉంది, మా వాడి ఫోన్‌లో ఏం లేదు, ఈ మూడు మీదే మేడం పది నిమిషాలు వాదించింది. కేసు ఇంకా నడుస్తోంది. వాడు తాగేవాడా అని చిన్నాయన నన్ను ఇప్పటికీ అడుగుతాడు, తాగేవాడే, ఇప్పుడు వారం వారం కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడు, అది మా ఇంటి సంగతి. వచ్చే వాయిదాకి పంచ్ సాక్షి వస్తున్నాడు, ఆ రాత్రి తూకం మెషిన్ ఎవరు తెచ్చారో, కవర్ విప్పారో లేదో అతన్ని అడగాలని మేడం ఒక ఎర్ర ఫైల్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది.